దరఖాస్తు పెట్టని పిల్లలు

25ని 48తో గుణించమంటే ఆరో తరగతిలో అందరూ నిలువు గుణకారానికి దిగుతారు. ఒక్క పిల్ల మాత్రం కలం ముట్టదు. ‘‘నలభై ఎనిమిదిలో పావు పన్నెండు సార్, పక్కన రెండు సున్నాలు’’ అంటుంది. ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదు. శనివారం సంతలో వాళ్లమ్మ పక్కన కూర్చుని కూరగాయల లెక్క చూస్తుందట. ప్రాథమిక పాఠశాల నుంచి వచ్చిన ఆమె పాత జవాబు పత్రాలు తిరగేశాను. జవాబులన్నీ ఒప్పే. సోపానాలు రాయలేదని మార్కులు సగానికి సగం కోసేశారు. ‘‘నవోదయ పరీక్ష రాయలేదా అమ్మా?’’ అని అడిగితే, ‘‘అదేంటి సార్?’’ అంది.

నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి ప్రవేశానికి పెట్టే ఆ పరీక్షను నేను తప్పుపట్టను. రెండు గంటలు, 80 ప్రశ్నలు, వాటిలో సగం బొమ్మల వరసల మీద వచ్చే మానసిక సామర్థ్య ప్రశ్నలు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. మనసు పెట్టి చేసిన ఏర్పాటు అది. అయితే అయిదో తరగతిలో ఉండగానే ఎవరో ఒకరు దరఖాస్తు నింపాలి. పనుల కోసం వలస పోయి, పిల్లను అమ్మమ్మ దగ్గర వదిలిన ఇంట్లో ఆ ఒక్కరు ఎవరు? పైగా కోచింగ్‌కు పంపగలిగిన ఇళ్లు ముందే బయల్దేరి ఉంటాయి. మనం వెతుకుతున్నది తెలివైన పిల్లల్నా, తెలిసిన తల్లిదండ్రులున్న పిల్లల్నా?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవార్డ్ కౌంటీ బడుల్లోనూ ఇదే చిక్కు ఉండేది. ప్రతిభావంతుల తరగతులకు టీచరో తల్లిదండ్రులో పేరు చెబితేనే పరీక్ష పెట్టేవారు. 2005 ప్రాంతంలో పద్ధతి మార్చి, రెండో తరగతి పిల్లలందరికీ వాళ్ల బడిలోనే మాటలతో పనిలేని బొమ్మల పరీక్ష పెట్టారు. ఆ తరగతులకు ఎంపికైన పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లల సంఖ్య బాగా పెరిగింది. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు ఈ మార్పును లెక్కలతో సహా చూపించారు. ఆ పిల్లలు కొత్తగా ఎక్కడి నుంచో రాలేదు, అంతకుముందూ ఆ బెంచీల మీదే ఉన్నారు.

మన దగ్గరా మూడో తరగతిలో ఒకసారి, ఆరులో మరోసారి, మామూలు బడి రోజున, హాజరైన ప్రతి పిల్లకూ అలాంటి పరీక్ష పెట్టాలి. దరఖాస్తు, ఫీజు, మీసేవ కాగితాలు ఏవీ ఉండకూడదు. ఆ రోజు రాని పిల్లలకు తర్వాతి వారం పెట్టాలి.

కనిపెట్టాక ఏం చేస్తామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 1971లో పీవీ నరసింహారావు చొరవతో సర్వేలులో గురుకులం మొదలైన నాటి నుంచీ మనకు అలవాటైన జవాబు ఒకటే: ఏరి, వేరే బడికి పంపడం. ఆ బడి ఎన్నో పేద ఇళ్ల తలరాత మార్చింది, కాదనను. కానీ ఒక్కో నవోదయలో ఏడాదికి ఆరో తరగతి సీట్లు గరిష్ఠంగా 80. ఎనభై ఒకటో పిల్ల మా బళ్లోనే ఉంటుంది. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ ఉపకారవేతన పరీక్ష నెగ్గితే ఆమెకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ డబ్బు చాలా ఇళ్లలో చదువు ఆగకుండా చూస్తుంది. తరగతి గదిలో మాత్రం ఏమీ మారదు. వచ్చేసిన పాఠాన్నే ఆమె మళ్లీ వినాలి. లెక్క ముందే ముగించి కూర్చుంటే ఇంకో పది అలాంటివే ఇస్తాం, లేదంటే అల్లరి చెయ్యకుండా మిగతావాళ్లను చూస్తుండమంటాం. అదే మగపిల్లాడైతే విసుగెత్తి తనే అల్లరి మొదలుపెడతాడు, ఆ పేరే వాడికి పదో తరగతి దాకా ఉండిపోతుంది.

దీన్ని మార్చడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఇద్దరు గణితం టీచర్లున్న హైస్కూల్లో ఆరు, ఎనిమిది తరగతుల గణితం ఒకే పీరియడ్‌లో పెడితే చాలు, ఆరో తరగతి పిల్ల ఆ గంట ఎనిమిదిలో కూర్చోవచ్చు. తెలుగులో, సోషల్‌లో తన ఈడు పిల్లలతోనే ఉంటుంది. వచ్చే జూన్ టైంటేబుల్‌లో ఇలా వేద్దామని మా హెడ్మాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు. పై అధికారులు తనిఖీకి వస్తే ఆరో తరగతి హాజరు ఒకరు తక్కువ కనిపిస్తుందేమోనన్నదే ఆయన సందేహం. ఆ సందేహం తీరేలా విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి.