ముందు పవర్ సప్లై

ఎలక్ట్రానిక్స్ మీద కొత్తగా మనసు పడ్డవాళ్లు ఏం చేయమంటారని అడిగితే నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. ముందు ఒక పవర్ సప్లై చేసుకోండి. ఆ మాట వినగానే అడిగినవాళ్ల ముఖం వాడిపోతుంది. రోబో చేద్దామనో, ఫోన్‌తో వెలిగే లైటు చేద్దామనో ఉత్సాహంగా వచ్చి ఉంటారు మరి. అయినా నా మాట మార్చుకోను.

మా అపార్ట్‌మెంట్లో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతున్న కుర్రాడు ఉన్నాడు. బాల్కనీలో కుండీలకు నీళ్లు పోసే ఏర్పాటు ఒకటి చేశాడు. మట్టిలో తేమ తగ్గితే చిన్న పంపు తిరగాలి, ఫోన్‌కి కబురు రావాలి. ఈఎస్‌పీ8266 బోర్డు, రిలే, పంపు అన్నిటికీ కలిపి ఒకటే చార్జర్. పంపు తిరగడం మొదలుపెట్టగానే బోర్డు రీసెట్ అయిపోతోంది.

"చిప్ డూప్లికేట్ అయ్యుంటుంది అంకుల్, ఎస్పీ రోడ్డుకెళ్లి ఇంకోటి తెస్తా" అన్నాడు.

"ఆగు నాన్నా, ముందు మీటరు పెట్టి చూద్దాం" అన్నాను.

5 వోల్టులు చూపిస్తున్న మీటరు, పంపు కదిలిన క్షణంలో 4 దగ్గరికి జారి మళ్లీ లేచింది. మామూలు డిజిటల్ మీటరు అంత వేగాన్ని పట్టుకోలేదు కాబట్టి అసలు వోల్టేజి ఇంకా కిందికే పడి ఉంటుంది. ఆగి ఉన్న మోటారు కదలడానికి, తిరిగేటప్పటికన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఈఎస్‌పీకి కావలసింది 3.3 వోల్టులు. బోర్డు మీద ఉండే రెగ్యులేటర్ ఆ 3.3 ఇవ్వాలంటే దానికి పైన ఇంకో వోల్టు మిగలాలి. మిగల్లేదు, చిప్ పడిపోయింది. పంపుకి వేరే సప్లై ఇచ్చి, రెండిటి గ్రౌండు కలిపి, పంపుకి అడ్డంగా ఒక డయోడు తిరగేసి పెట్టాం. రీసెట్ ఆగిపోయింది. చిప్‌లో ఏ లోపమూ లేదు.

ఇందులో కుర్రాడి తప్పు లేదు. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో వచ్చాక నేర్చుకోవడం ఎంతో సులువైంది. యూఎస్‌బీ తీగ గుచ్చితే ఎల్‌ఈడీ వెలుగుతుంది. లక్షల మందికి తలుపు తీసిన బోర్డు అది, దానిమీద నాకు గౌరవం ఉంది. కాకపోతే ఆ తీగలోంచి కరెంటు ఎలా వస్తోందో, ఎంత వస్తోందో ఆలోచించే పని లేకుండా పోయింది. యూనో బోర్డులో 3.3 వోల్టుల పిన్ను ఇచ్చేది 50 మిల్లీఆంపియర్లే. వైఫై చిప్‌ని దానికి తగిలించి, పనిచేయడం లేదని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కుర్రాడు వెళ్తానన్న ఎస్పీ రోడ్డు అంటే సదర్ పత్రప్ప రోడ్డు. టౌన్‌హాలుకీ కేఆర్ మార్కెట్‌కీ దగ్గర్లోనే ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ సామానుకి హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ ఎలాగో బెంగళూరులో ఇది అలాగ. 1948లో ఐటీఐ, 1954లో బీఈఎల్ మొదలైన ఊరు ఇది. బీఈఎల్ అని అచ్చేసిన ట్రాన్సిస్టర్లతో రేడియోలు కట్టుకున్న పెద్దలు ఇక్కడ ఇంకా ఉన్నారు. నేను కట్టమనే పవర్ సప్లైకి ఎస్పీ రోడ్డులో 9 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, 1ఎన్4007 డయోడ్లు నాలుగు, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్, 7805 రెగ్యులేటర్, చిన్న హీట్‌సింక్, ఫ్యూజు తెచ్చుకుంటే చాలు.

కట్టాక కెపాసిటర్ మీద మీటరు పెట్టండి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి 11 పైన కనిపిస్తుంది. 9ని 1.414తో హెచ్చిస్తే 12.7, రెండు డయోడ్లు తినేది 1.4 తీసేస్తే 11.3. లోడు లేనప్పుడు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన రూట్ టూ మీటరు మీద కనిపించినప్పుడు కలిగే ఆనందం వేరు. ఇప్పుడు అర ఆంపియర్ లాగి, కాసేపయ్యాక హీట్‌సింక్ మీద వేలు పెట్టండి. పైన మిగిలిన ఐదారు వోల్టులూ వేడిగా మారి, రెండున్నర వాట్ల పైనే వేలికి తగులుతాయి. 2200 బదులు 470 మైక్రోఫారడ్ పెడితే, అదే లోడుకి మధ్యమధ్యలో వోల్టేజి 7 కిందికి పడిపోయి 7805 చేతులెత్తేస్తుంది. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. ఒకసారి చేత్తో తెలుసుకున్నవాడు మాత్రం ఆ తర్వాత ఏ బోర్డు మొరాయించినా ముందు సప్లై వైపే చూస్తాడు.

రెడీమేడ్ బక్ కన్వర్టర్లు దీనికన్నా తక్కువ వేడితో ఆ పని చేస్తాయి. రోజూ వాడుకునే వస్తువులో అవే పెట్టుకోండి. నేర్చుకోవడానికి మాత్రం ఈ పాతదే కట్టండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి అటువైపు ఉండేది 230 వోల్టులు. ఫ్యూజు లేకుండా, తీగల అతుకులకు స్లీవు తొడక్కుండా ప్లగ్గు పెట్టొద్దు. మొదటిసారి తెలిసినవాళ్లని పక్కన ఉంచుకోండి.

మా కుర్రాడు 7805 సప్లై కట్టేసి ఇప్పుడు ఎల్ఎం317 రెగ్యులేటర్ మీద పడ్డాడు. నాబు తిప్పితే 1.25 నుంచి 12 వోల్టుల దాకా రావాలట. తన దగ్గరున్న 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ దీనికి చాలదని, 15 వోల్టులది కావాలని లెక్కగట్టి తనే చెప్పాడు. 1.25 దగ్గర పెట్టి ఎక్కువ కరెంటు లాగితే ఎంత పెద్ద హీట్‌సింక్ కావాలో ఇప్పుడు లెక్క వేస్తున్నాడు.