గుండ్రదనంలో పుట్టిన లోకం

తిరుగుతున్న అంకుడు కర్రకు పసుపుపచ్చ లక్క కడ్డీ ఆనించగానే, రాపిడి వేడికి లక్క కరిగి కర్ర ఒంటికి చుట్టుకుపోతుంది. కుంచె లేదు, తడి లేదు, ఆరేదాకా ఆగే పని లేదు. ఆపైన మొగలి ఆకు పట్టి రుద్దితే ఆ పసుపులో మిసిమి తేలుతుంది. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున, ఏటికొప్పాకలో బొమ్మ పుట్టే తీరు ఇది. ఎంత చూసినా నాకు తనివి తీరదు.

కర్రను తిప్పే లేత్ ఇచ్చేది ఒక్క గుండ్రదనమే. ఆ ఒక్కదానితోనే ఇక్కడి పనివారు ఒక లోకాన్ని కట్టారు. రాజు కిరీటం వలయాల దొంతర, రాణి పరికిణీ బోర్లించిన గంట, డోలు వాయించేవాడి పొట్ట గుమ్మడిపండు. బొంగరం, కుంకుమ భరిణె, లక్కపిడతలు, పెళ్లికొడుకు, పెళ్లికూతురు అన్నీ ఒకే తల్లి బిడ్డల్లా ఉంటాయి. ఎక్కడా వేలికి అంచు తగలదు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రను చెక్కి, అతికి, రంగులు దిద్దిన దృశ్యం. అందులో కథ ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మ కథను పక్కన పెట్టి మనిషిలోని నిండుతనాన్ని మాత్రమే పట్టుకుంటుంది. మిగిలింది చూసేవారి మనసు పూరించుకుంటుంది. దీని రసం ఆ పొదుపులో ఉంది.

ఇవాళ లోకమంతటా పెద్దవాళ్లే బొమ్మలు కొని దాచుకుంటున్నారు. హాంకాంగ్‌లో పుట్టిన చిత్రకారుడు కాసింగ్ లుంగ్ 2015లో సృష్టించిన లబుబు బొమ్మ కోసం జనం దుకాణాల ముందు బారులు తీరారు. జపాన్ వారి కొకేషికి చేతులూ కాళ్లూ ఉండవు. అదీ లేత్ మీద పుట్టిన బొమ్మే. బొమ్మలు దాచుకునే ఈ ముచ్చట మనకు కొత్తదేమీ కాదు. సంక్రాంతికి కొలువు తీర్చి, ఏడాదికో కొత్త బొమ్మ చేర్చి, పాతవాటిని మెత్తటి చీరముక్కల్లో చుట్టి అటక మీద దాచిన మన అమ్మమ్మలకు ఆ మమకారం బాగా తెలుసు.

ఇక ఏటికొప్పాక రంగులు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లక్కలో కలిసినప్పుడు వచ్చే వన్నె కంటికి చల్లగా ఉంటుంది. రసాయన రంగులకు అలవాటుపడిన ఈ వృత్తిని మళ్లీ చెట్టు రంగుల వైపు మళ్లించడానికి ఈ ఊరి సి.వి. రాజు ఏళ్ల తరబడి శ్రమించారు. 2017లో బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ వీధిలో ఊరేగిన ఏటికొప్పాక శకటం రాష్ట్రాల శకటాల్లో మూడో స్థానం పొందింది.

అంకుడు చెట్టు ఉన్నంతకాలమే ఈ అందం ఉంటుంది. కాబట్టి ఆ చెట్టును నాటేవారికి అండగా నిలబడదాం. ఈసారి కొలువులో ఒక లక్కబొమ్మకు చోటివ్వండి. పండగ వెళ్లాక అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకండి, ఇంట్లో చంటిపిల్ల చేతికివ్వండి.