పీఠిక: తురగ పుంజననాంగ శస్త్రవైద్యం

శాలిహోత్రుని పేరిట అశ్వశాస్త్రమూ, జయదత్తుని అశ్వవైద్యకమూ వెలసిన ఈ దేశంలో, కాకతీయ గణపతిదేవుని కొలువున గంగయ సాహిణి వంటి తురగవిదులు మన్ననలందుకొన్న ఈ సీమలో, మనుమంచి భట్టు హయలక్షణాన్ని కావ్యవస్తువుగా స్వీకరించిన ఈ భాషలో, మగగుర్రపు జననేంద్రియ వ్యాధులనూ, వాటి శస్త్రచికిత్సనూ ఆమూలాగ్రం వివరించే గ్రంథానికి ముందుమాట వ్రాసే అవకాశం వార్ధక్యంలో నాకు లభించినందుకు సంతోషిస్తున్నాను.

గ్రంథకర్త్రి నాకు శిష్యురాలు. అయితే ఆమె గురువులలో నేను ప్రథముణ్ణి కాను. పందెపు గుర్రాల శాలలో సైసుగా జీవితం వెళ్ళబుచ్చిన తండ్రి చెంత, చెవులు వెనక్కి వాల్చిన గుర్రం దరికి పోరాదన్న పాఠం ఆమెకు అక్షరాభ్యాసానికి ముందే అబ్బింది. పట్టభద్రురాలైన పిదప శాలల వెంటా సంతల వెంటా తిరిగి, స్వయంగా పరీక్షించిన రోగాలను చేతిపుస్తకాలలో పొందుపరచుకొని, వాటిని ప్రామాణిక గ్రంథాలతో సరిచూచుకొని, సందేహం కలిగినచోట నిర్మొహమాటంగా కొట్టివేసి, మిగిలినదానిని మన ముందుంచింది. ఆ కొట్టివేతలలోనే నాకు ఆమె పాండిత్యం ఎక్కువగా కనిపించింది.

ఈ గ్రంథానికి ప్రాణం గుప్తవృషణాధ్యాయం. పిల్ల గర్భాన ఉండగా ఉదరకుహరంలో ఉండే వృషణాలు, ప్రసవానికి సుమారు 30 రోజుల ముందు మొదలుకొని పుట్టిన 10 రోజుల లోపల గజ్జల మార్గాన కోశంలోకి దిగిరావాలి. ఆ అవరోహణం నడుమ ఆగితే ఒకటి కడుపులోనో గజ్జలోనో చిక్కుబడుతుంది. దేహోష్ణం వల్ల దానిలో శుక్రకణాలు పరిణతి చెందవు గాని టెస్టోస్టెరాన్ ఊరడం ఆగదు. కనుక ఆ ఒక్కటే మిగిలినప్పుడు సంతానయోగ్యత లేకపోయినా, ఆడగుర్రం కంటబడితే సకిలించి కాలుదువ్వే గుణం ఆ జంతువును వదలదు. కనబడే వృషణాన్ని మాత్రం తీయించి, విత్తులు తీసిన సాధుజంతువని సంతలో అంటగట్టే బేరగాండ్ర మాయకు యజమానులే కాక, ఒక్కొక్కప్పుడు వైద్యులు కూడా లోనవుతారు. అందుచేతనే దాగినదానిని వెలికితీసిన తరువాతనే కనిపించేదానిపై కత్తి పెట్టాలనీ, అది దొరకనినాడు రెండవదానిని ముట్టరాదనీ ఈమె శాసించింది. హెచ్‌సీజీ సూదిమందు ఇచ్చి ముందూ వెనుకా టెస్టోస్టెరాన్ పరిమాణాన్ని పోల్చే పరీక్షనూ, గుర్రాన్ని మత్తులో నిలువునే ఉంచి డొక్కనుండి లాపరోస్కోపుతో వెదకి తీసే విధానాన్నీ చదువుతున్నప్పుడు, మోకులతో కట్టి నేలకూల్చి ఆపైన వెతుకులాటకు దిగిన మా తరం తలపునకు వచ్చింది. ఈ తరంపై నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం.

మగగుర్రానికి శూల వచ్చిందంటే వైద్యుని చేయి ముందుగా వృషణకోశానికి పోవాలన్నది ఈ గ్రంథంలో పదేపదే వినవచ్చే హెచ్చరిక. పేగుమడత గజ్జల రంధ్రంలో జారి బిగిసినదా, వృషణమే తన తాడుపై మెలితిరిగినదా అన్న విచారణ అక్కడినుండి మొదలవుతుంది. స్వస్థమైన వృషణానికి వెనుకకొనన వ్రేలికి తగిలే ఎపిడిడిమిస్ తోక, మెలిక సగం తిరిగితే ముందువైపున తగులుతుంది. అట్టి సగం మెలిక బాధించకపోవచ్చు. పూర్తి మెలిక మాత్రం జాము గడవనీయదు. అంత సూక్ష్మాన్ని చీకటి శాలలో వ్రేలికొనతో పసిగట్టే ఉపాయాన్ని ఈమె రెండే పేరాలలో చెప్పిన తీరు మెచ్చదగినది.

శిశ్నాన పుట్టే కర్కటవ్రణాలనూ, ఈగలు మోసుకువచ్చే హాబ్రోనీమా పురుగు రేపే వేసవిపుండ్లనూ, 1977లో ఇంగ్లండున తొలిసారి గుర్తింపబడి, మగగుర్రం పైకి ఆరోగ్యంగా ఉంటూనే ఆడగుర్రాలకు అంటించే గర్భాశయ శోథాన్నీ క్లుప్తంగానైనా లోపం లేకుండా నిరూపించింది. ఎసిప్రోమజైన్ వంటి శాంతకాల వల్ల శిశ్నం వెలికి జారి, లోనికి పోక వాచిపోయే ఆపదను విస్తరించి చెప్పడం యువవైద్యులకు ఉపకారం.

విత్తులు తీయడమనే నిత్యకర్మను ఈమె చులకన చేయలేదు. ఎమాస్క్యులేటర్ మర వృషణం వైపే ఉండాలన్న చిన్న నియమం తప్పితే రక్తనాళం నలగవలసినచోట తెగి ప్రాణాపాయం వస్తుందని బొమ్మ గీసి మరీ చూపింది. ధనుర్వాతపు టీకానూ మరువలేదు. నాకు తోచిన కొరత ఒక్కటే. గాడిద వృషణ రక్తనాళాలు గుర్రపు నాళాలకన్న పెద్దవి. వాటిని దారంతో ముడివేయక వదిలితే నెత్తురు పారే భయం ఎక్కువ. ఇటుకబట్టీలలో బరువులు మోసే ఆ మూగజీవికి ఈ గ్రంథంలో ఒక్క పేరా దక్కింది. మలిముద్రణలో దానికొక అధ్యాయం కేటాయించవలసిందని చిరంజీవినికి చెప్పాను. వ్రాస్తానని మాట ఇచ్చింది.