వైపరీత్యాల వ్యాసంలో మన తండా ఎక్కడ?

బడిలో ‘ప్రకృతి వైపరీత్యాలు’ అని వ్యాసం రాయమంటే పిల్లలందరూ ఒకే తీరుగా రాస్తారు. మొదట సునామీ, తర్వాత భూకంపం, తుఫాను. చివర ‘ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి’. నారాయణఖేడ్ తండా పిల్లవాడు రాసినా, పటాన్‌చెరు బస్తీ పిల్ల రాసినా ఇదే. సముద్రం చూడని పిల్లలకు సునామీ నోటికి వస్తుంది. తమ ఇంటిమీదికి వచ్చే ఆపద మాత్రం ఆ కాగితం మీద ఉండదు. లోపం పిల్లలది కాదు, మనం నేర్పిన నమూనాది.

నారాయణఖేడ్ తండాలకు వైపరీత్యం చప్పుడు చేయకుండా వస్తుంది. దాని పేరు కరువు. వాన తప్పితే బోరు ఎండుతుంది, మేకలను అమ్ముకుంటారు, తల్లిదండ్రులు చెరకు నరకడానికి పోతారు, పిల్లలు ముసలివాళ్ల దగ్గర మిగులుతారు. ఇంకొందరు పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలికి చేరతారు. ఒక ఆపదను తప్పించుకుని ఇంకో ఆపద పక్కన గది అద్దెకు తీసుకుంటారు. మన వ్యాసం ఒకదాన్ని ప్రకృతి అంటుంది, రెండోదాన్ని ప్రమాదం అంటుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం అలా విడదీయలేదు. ప్రకృతి వల్ల వచ్చినవాటినీ, మనిషి వల్ల, నిర్లక్ష్యం వల్ల వచ్చినవాటినీ విపత్తులోనే లెక్కించింది. ఫ్యాక్టరీల మురుగు మోసిన నక్కవాగు వానకు పొంగితే ఆ వరదను ఏ పాఠంలో పెడదాం?

మన కవిత్వాన్నీ ఇదే ప్రశ్న అడగాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో, ఆచూకీ దొరకని ఎనిమిది మందితో కలిపి 54 మంది పోయారు. లోపల ఎవరెవరున్నారో తేలడానికే రోజులు పట్టింది. ఇలాంటివి జరిగినప్పుడు మనం బూడిద గురించి, తల్లి కడుపుకోత గురించి రాస్తాం. రాయాలి కూడా. కానీ హాజరు పుస్తకంలో పేరు లేని కూలి గురించి ఎందుకు రాయం? ఏడుపు చావు తర్వాత వస్తుంది. పేరు రాసి ఉంచడం ముందే చేయగల పని.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఉలిక్కిపడి లేచినవాళ్లకు ఎటు పరుగెత్తాలో తెలియలేదు. అది ఇంటి దగ్గరే, ముందే నేర్వాల్సిన చదువు.

కాబట్టి టీచర్లకు ఒక మాట. ఈసారి వ్యాసం ఇలా అడగండి. పెద్ద వాన పడితే మన వీధి నీళ్లు ఎటు పోతాయి? మెరక ఎక్కడ ఉంది? ఘాటు వాసన వస్తే గాలి ఎటు వీస్తోందో ఎలా చూస్తాం, దానికి అడ్డంగా ఏ దారిన పోతాం? నడవలేని అవ్వను ఎవరు మోస్తారు? అమ్మ ఏ షిఫ్టులో, ఏ కాంట్రాక్టరు కింద పనిచేస్తోంది? తెలుగు రాకపోతే గోర్ బోలిలో చెప్పనివ్వండి, మీరు రాసుకోండి. పరీక్షలో మార్కులు రావని కొందరు అంటారు. సునామీ వ్యాసం పరీక్షకు ఉండనివ్వండి. ఈ కాగితాన్ని మాత్రం తండాలో, బస్తీలో అందరికీ చదివి వినిపించండి.