బొత్తాము మీది మంచి సమరయుడు: 'ఆలివర్ ట్విస్ట్' – ఒక పరిశీలన

ఇంగ్లాండు సంఘచరిత్రను బోధించేటప్పుడు మనము బైబిలు అనువాదములు, ఉజ్జీవములు, బానిసత్వ నిర్మూలన గూర్చి చెప్పి ముగిస్తాము. అదే కాలములో అక్కడి సంఘము తన గడప యొద్దకు వచ్చిన పేదను ఎలా చూచింది? ఈ ప్రశ్నకు చార్లెస్ డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్' (1837-39) బలమైన సాక్ష్యమని మా అభిప్రాయము. అయితే ఆ సాక్షిని కూడా పరీక్షించవలసి ఉంది.

నేపథ్యము

1536-40 మధ్య ఎనిమిదవ హెన్రీ మఠములను రద్దు చేయుటతో పేదలకు ఉన్న ఆశ్రయములో ఒక భాగము పోయింది. 1601 నాటి చట్టము పేదల భారమును ప్రతి పారిష్‌కు, అనగా స్థానిక సంఘ పరిధికి, అప్పగించింది. చర్చి వార్డెనులు, పేదల పర్యవేక్షకులు కలిసి పన్ను వసూలు చేసి, వృద్ధులకు సహాయము, పనిచేయగలవారికి పని, పేద పిల్లలకు చేతిపని నేర్చుకొను ఏర్పాటు చూడవలెను. ఉద్దేశము మంచిదే. కాని 1697 చట్టము సహాయము పొందువారి భుజము మీద గుర్తు కుట్టించింది. 1834 చట్టము మరింత కఠినము. పని చేయగల పేదలకు సహాయము వర్క్‌హౌస్ లోపలనే దొరకవలెననియు, అక్కడి స్థితి బయటి అతి పేద కూలివాని స్థితికంటె మెరుగుగా ఉండరాదనియు దాని సూత్రము. లోపల భార్యాభర్తలను వేరు చేశారు.

నవల చూపించునది

నవల ఉపశీర్షిక 'పారిష్ బాలుని ప్రయాణము'. జాన్ బన్యన్ 1678లో ప్రచురించిన 'యాత్రికుని ప్రయాణము'ను అది గుర్తుచేస్తుంది. బన్యన్ యాత్రికుడు ఇల్లు విడిచి బయలుదేరుతాడు. ఆలివర్‌కు విడువదగిన ఇల్లే లేదు.

పారిష్ ఉద్యోగియైన బంబుల్ కోటుకు ఇత్తడి బొత్తాములు ఉంటాయి. వాటి మీద పారిష్ ముద్ర: గాయపడినవానికి పరిచర్య చేయుచున్న మంచి సమరయుడు. ఆ కోటు బంబుల్ మొదటిసారి తొడుగుకొన్నది, అర్ధరాత్రి ఒక గుమ్మములో ప్రాణము విడిచిన చితికిపోయిన వ్యాపారి మరణ విచారణకు వెళ్లుటకే. యేసు చెప్పిన ఉపమానము (లూకా 10:25-37) ఇక్కడ ఉద్యోగ చిహ్నముగా మిగిలింది. డికెన్స్ దీనిని ప్రసంగముగా చెప్పడు. బంబుల్ గర్వముగా బొత్తాము చూపుకొనేటట్లు వ్రాసి ఊరకుంటాడు. విమర్శ పదును అక్కడే ఉంది.

నవల చూడనిది

రెండు అభ్యంతరములు తప్పవు. మొదటిది, ఆలివర్ చివరకు మంచి కుటుంబపు బిడ్డగా తేలుతాడు, దయగల ధనికుడు అతనిని చేరదీస్తాడు. అట్టి పుట్టుక లేని అతని నేస్తము డిక్ మాత్రము చనిపోతాడు.

రెండవది మరింత బరువైనది. ఉపమానములో సహాయము చేసినవాడు శ్రోతలు ఏవగించుకొను జాతివాడు. బంబుల్ బొత్తామును ఎగతాళి చేసిన రచయితయే, తన దేశము ఏవగించుకొను యూదుని దొంగల నాయకుడైన ఫేగిన్‌గా నిలిపి, పేరుకు బదులు పదే పదే 'యూదుడు' అని పిలిచాడు. 1863లో ఇలైజా డేవిస్ అను యూదు స్త్రీ ఈ అన్యాయమును లేఖ ద్వారా ఆయనకు తెలిపింది. తరువాత ఆయన 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్' (1864-65)లో రాయా అను ఉత్తముడైన యూదుని చిత్రించాడు. 1867 ముద్రణలో ఫేగిన్‌ను యూదుడని పిలిచిన అనేక చోట్లను సవరించాడు. ఆలస్యమైనను గద్దింపును అంగీకరించి తన గ్రంథమునే దిద్దుకొనుట చిన్న సంగతి కాదు.

ముగింపు

ఈ నవలను పరాయి దేశపు పాత దోషముల పట్టికగా చదివితే లాభము లేదు. మేము సంఘ సహాయనిధి పుస్తకము ముందు కూర్చున్నప్పుడు, ఎదుట నిలుచున్నవారిని అర్హుడా, అనర్హుడా, మనవాడా, పరాయివాడా అని తూచిన సందర్భములు లేకపోలేదు. డికెన్స్ బంబుల్‌లో సంఘపు తప్పును చూచాడు. ఫేగిన్‌లో తన తప్పును ఇతరులు చెప్పగా చూచాడు. మన చేతి పుస్తకమును గూర్చి చెప్పవలసినవారు దాని ముందు నిలుచున్నవారే. వారి మాట వినుటకు మనము సిద్ధముగా ఉన్నామా?