చెప్పులు కుట్టేవాని బొమ్మలో కుట్టు ఏది?

నగరంలో యానిమేషన్ నేర్పే ఒక సంస్థ తన విద్యార్థుల బొమ్మలు చూడమని నన్ను పిలిచింది. వాళ్లకిచ్చిన అంశం 'మన వీధి వృత్తులు'. చెప్పులు కుట్టే మనిషిని ఒక పెద్ద కాగితం నిండా ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి గీసిండ్రు. గూని వీపు, చిరిగిన బనీను, నల్లటి ఒళ్లు, రెండు పళ్లు ఊడిన నవ్వు, చేతిలో పెద్ద సుత్తి. కింద 'అమాయకుడు' అని రాసి ఉంది. మా నాయిన ముప్పై ఏండ్లు బస్టాండు ముందల చెప్పులు కుట్టి నన్ను యూనివర్సిటీ దాకా పంపిండు. కాబట్టి ఈ బొమ్మను దూరంగా నిలబడి చూడటం నాతో కాదు. (నలుపు మీద నాకు పేచీ లేదు. మా నాయినా నలుపే, నేనూ నలుపే.)

పాత్రను ఉత్త నల్లని నీడగా మార్చినా అది ఎవరో గుర్తుపట్టాలన్నది యానిమేషన్‌లో ఒక సూత్రం. మంచి సూత్రమే. అయితే ఆ నీడలోకి దేన్ని ఏరుకుంటున్నరన్నదే అసలు ప్రశ్న. వీళ్లు వంగిన వీపును ఏరుకున్నరు. అది పేదరికం నీడ, పని నీడ కాదు.

పని వేరే చోట ఉంది. కుట్టేవాడు చెప్పును పాదాల నడుమ ఇరికించి, బొటనవేలితో అదిమి పడుతడు. కుడిచేతిలో ఆరె. దాని మొనకు చిన్న గాటు ఉంటుంది. ఆరె తోలును గుచ్చుకుని కిందికి దిగుతది. కింద ఎడమచేయి కంటికి ఆనకుండా దారాన్ని ఆ గాటుకు అందిస్తది. ఆరె పైకి రాంగ దారం మెలికై వస్తది. కన్ను ఆరె మీద ఉంటది, ఎడమచేయి మాత్రం చూడకుండానే పని చేస్తది. ఈ కదలికలో ఎంత లెక్క, ఎంత లయ ఉన్నయి! కదిలే బొమ్మలు చేసేవాళ్లకు ఇంతకంటె ఏం కావాలె? కాని వాళ్ల బొమ్మలో ఎడమచేయి మోకాలి మీద ఊరికే పడి ఉంది. పాదాలు గీయనే లేదు.

"యానిమేషన్ అంటే అతిశయం కద సార్" అన్నడు ఒక విద్యార్థి. నిజమే. అట్లయితే బొటనవేలును అతిశయం చేయండి, ఎవరు వద్దన్నరు?

ఇది కొత్తగా పుట్టిన చిక్కు కాదు, దీనికి మన దగ్గర జవాబు లేకనూ కాదు. చేర్యాల నకాశీ చిత్రకారులు ఎర్రటి నేపథ్యం మీద, అరలు అరలుగా కులపురాణాల పటాలు గీసిండ్రు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలోళ్లకు మడేలు పురాణం. మాదిగలకు డక్కలోళ్లు చెప్పే జాంబపురాణంలో జాంబవుడు భూమి కంటె ఆరు నెలల ముందు పుట్టినవాడు. జాలి కోసం చేయి చాచినవాడు కాదు, సృష్టికి పెద్ద. గీసింది మాదిగలు కాకపోవచ్చు. కాని కథ వాళ్లది, పటం ముందల కూసుని చూసేదీ వాళ్లే. ఎవరి ముందల విప్పాల్నో తెలిసిన చిత్రకారుడు అమాయకపు నవ్వు గీయడు.

ఈ కాలంలోనూ దారి ఉంది. నీనా సబ్నానీ 2009లో తీసిన 'టాంకో బోలే ఛే' పన్నెండు నిమిషాల యానిమేషన్ డాక్యుమెంటరీ. కచ్ కుట్టుపని వాళ్లే బట్ట ముక్కలు అతికి కుట్టిన బొమ్మలు అందులో కదులుతయి. వాళ్ల గొంతులే కథ చెప్తయి. వలసను, 2001 భూకంపాన్ని, గాలిపటం ఎగరేసిన సంబురాన్ని. కుట్టు అక్కడ అలంకారం కాదు, అదే భాష. దర్శకురాలు మాత్రం బయటి మనిషే. ఏది ఉంచాలె, ఏది కోయాలె అన్న మాట చివరికి డిజైనర్‌దే. ఆ తేడాను మరువొద్దు. అయినా తమ బొమ్మ తామే కుట్టుకున్నోళ్లు ఉత్త 'మోడల్'గా మిగలలేదు.

మన విద్యార్థులు ఫుట్‌పాత్ మీద ఒకాయనను రెండు గంటలు ఫోన్‌లో పట్టుకుని వచ్చిండ్రు. ఆయన పేరు అడిగిన. ఎవరికీ తెల్వది. ఆ రెండు గంటల్లో ఆయన ఎన్ని జతల గిరాకీ పోగొట్టుకున్నడో కూడా తెల్వది. నమూనా ఇచ్చిన మనిషికి కూలి, సినిమా చివర పేరు, బొమ్మ తప్పయితే కాదనే హక్కు: ఈ మూడూ ముందే రాసుకోవాలని వాళ్ల మాస్టారుకు చెప్పిన. "చూద్దాం" అన్నడు.

ఆ కాగితం నకలు ఇంటికి తెచ్చి నాయినకు చూపించిన. కండ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసిండు. వీపు గురించి, పళ్ల గురించి ఒక్క మాట అనలేదు.

"ఈనికి దారం ఎవరు అందిస్తుండ్రు బిడ్డా?" అన్నడు.