వయసు, వలపు, వాచకం: ఎన్.టి. రామారావు ప్రణయ నాయక పాత్రలు – ఒక పరిశీలన

కీలక పదాలు: ప్రణయ హాస్యం, నాయకుని వయసు, నాయిక వాచకం, కృష్ణా డెల్టా ప్రదర్శన సంప్రదాయం, జంధ్యాల

హాలీవుడ్ ప్రణయ హాస్యచిత్రాలలో నాయకుని వయసు తరచు రచయితకూ దర్శకునికీ ఎదురైన సమస్య. 1957లో విడుదలైన ‘లవ్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్’ చిత్రీకరణ నాటికి గ్యారీ కూపర్ వయసు యాభై అయిదు. నాయిక ఆడ్రీ హెప్‌బర్న్‌కు ఇంకా ముప్ఫై నిండలేదు. దర్శకుడు బిల్లీ వైల్డర్ పలు దృశ్యాలలో నాయకుని ముఖాన్ని నీడలో ఉంచారు. ‘షరేడ్’ (1963)లో అదే నటి సరసన నటించడానికి సంకోచించిన కేరీ గ్రాంట్ కోసం రచయిత పీటర్ స్టోన్ పాత్రల తీరు మార్చారు. అందులో వెంటపడేది నాయిక, తప్పుకొని తిరిగేది నాయకుడు. తన వయసును అతడే ఎగతాళి చేసుకొంటాడు. మొదటి చిత్రం వయసును కప్పిపుచ్చింది. రెండవది దానిని హాస్యవస్తువును చేసి, చొరవనూ చతురోక్తినీ నాయికకు అప్పగించింది. తెలుగు సినిమా ఈ రెండింటికీ భిన్నమైన మూడవ మార్గాన్ని ఎంచుకొంది. నాయకుని వయసును అసలు ప్రస్తావించలేదు. ఆ మౌనానికి ఎవరు మూల్యం చెల్లించారన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఈ విషయంలో అందరూ ఉదాహరించే చిత్రం ‘వేటగాడు’ (1979). 1972 నాటి ‘బడిపంతులు’లో రామారావుకు మనవరాలిగా నటించిన శ్రీదేవి ఏడేళ్ళ తర్వాత ఈ చిత్రంలో ఆయనకు నాయిక అయ్యారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్ళు. ఆమెకు 16 నిండలేదు. ఈ అంకెలు చెప్పి నవ్వుకోవడం, లేదా అభిమానంతో దాటవేయడం – చర్చ సాధారణంగా ఈ రెండింటి దగ్గరే ఆగిపోతుంది. పదిహేనేళ్ళ బాలిక చేత ప్రౌఢ శృంగారాన్ని అభినయింపజేయడంలోని నైతిక ప్రశ్నను ‘ఆనాటి రివాజు’ అన్న మాటతో కొట్టివేయడం విమర్శకు తగదు. ఈ లెక్కలో చేరవలసిన మూడవ వ్యక్తి కూడా ఉన్నారు. ‘బడిపంతులు’లో పంతులు భార్యగా నటించిన అంజలీదేవి 1927లో జన్మించారు, అంటే రామారావు కన్నా నాలుగేళ్ళు చిన్న. ఆయన ‘వేటగాడు’లో యువకునిగా ఆడిపాడే నాటికి ఆమె తల్లి పాత్రలకు మారి చాలా కాలమైంది.

ప్రేక్షకులు అమాయకులు కనుక ఇదంతా ఆమోదించారనే వాదన కనీసం కృష్ణా డెల్టా విషయంలో నిలవదు. నటుని దేహానికీ పాత్రకూ పొంతన కోరని ప్రదర్శన సంప్రదాయం ఇక్కడ తరతరాలుగా ఉంది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా, ఉషగా ప్రసిద్ధులు. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలతోనే ఆంధ్ర నాటకరంగాన్ని ఏలారు. అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ ప్రాంతపు నాటకాలలో స్త్రీ వేషాలు వేస్తూ, విజయవాడ రైల్వేస్టేషన్‌లో ఘంటసాల బలరామయ్య కంటబడి సినిమాకు వెళ్ళారు. విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ ప్రోత్సాహంతో నాగమ్మ వేషం కట్టిన రామారావు, మీసం తీయనన్నందుకు ‘మీసాల నాగమ్మ’ అనిపించుకొన్న ఉదంతం తెలిసిందే. మీసమున్న నాగమ్మను అంగీకరించిన ప్రేక్షకునికి యాభై ఆరేళ్ళ యువకుడు పెద్ద వింత కాదు.

అయితే భామాకలాపంలో నటుడు తన దేహాన్ని ఎవరి మాటకు అరువిస్తున్నాడో గమనించాలి. ఆ ప్రణయ కలహంలో వాచకమంతా దాదాపు సత్యభామదే. మాధవితో వాదించేది ఆమె, అలిగేది ఆమె, లేఖ రాసేది ఆమె. కృష్ణునికి దక్కే మాట స్వల్పం. వేషధారి ఎవరైనా నాయిక వాక్కు చెక్కుచెదరదు. డెల్టాకు సొంతమైన ప్రణయ హాస్యం ఇదేనని నా అభిప్రాయం.

తెలుగు సినిమాలో దానికి దగ్గరి వారసత్వం ‘మిస్సమ్మ’ (1955)లో కనిపిస్తుంది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి మూలం బెంగాలీ రచన అయినప్పటికీ, పింగళి నాగేంద్రరావు మాటలు దానిని పూర్తిగా తెలుగు చేశాయి. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు నిరుద్యోగుల కథ ఇది. ఆ నటనకు షరతులు విధించేది మేరీ. క్రైస్తవ కుటుంబంలో పెరిగిన ఆమె, హిందూ గృహిణిగా తనపై మోపే ప్రతి ఆచారానికీ అడ్డు చెబుతుంది, కసురుకొంటుంది, ఎవరూ లేనప్పుడు నాయకుణ్ణి నిలదీస్తుంది. ముప్ఫై ఒక్కేళ్ళ రామారావు ఇందులో సర్దుకుపోయేవాడు, నచ్చజెప్పేవాడు. ఒక్కొక్కసారి బిక్కమొహం వేసేవాడు. సావిత్రి ‘కాదు’ అన్న ప్రతిసారీ హాస్యం పుడుతుంది. ఆమె ‘అవును’ అనడానికి సమయం తీసుకొంటుంది కనుకనే ప్రేమకు విలువ వస్తుంది. నాయకుడు చిన్నబోవడానికి సిద్ధపడనిదే ఈ ప్రక్రియ సాగదు.

‘వేటగాడు’ నాటికి రామారావు తెరపై చిన్నబోవడం అసాధ్యమైంది. రాముడిగా, కృష్ణుడిగా ఆరాధన పొందిన మూర్తి అది. విజయవాడ గాంధీనగర్ పంపిణీదారులకు ఆ పేరే పెట్టుబడి. చిత్రంలో చిలిపి తగవులు లేకపోలేదు కాని, వాటి ఫలితంపై ఎవరికీ సందేహముండదు. ప్రేమ బరువంతా పాటలపై, ముఖ్యంగా వేటూరి రాసిన వానపాటపై పడింది. పాటలో నాయిక కాదనవలసిన పని లేదు, వాదించే అవకాశమూ లేదు. మరి మాటల చమత్కారం ఎక్కడికి పోయింది? జంధ్యాల రాసిన ప్రాసల సంభాషణలు ప్రతినాయకుడైన రావు గోపాలరావుకు దక్కాయి. ప్రేక్షకులకు నేటికీ గుర్తున్న మాటలు అవే. నాయకుని వయసును కాపాడటానికి నాయిక మౌనం అవసరమైంది. విశ్వసనీయత లోపించడం కన్నా ఇదే పెద్ద నష్టమని నేను భావిస్తున్నాను.

‘కొండవీటి సింహం’ (1981) ద్విపాత్రాభినయంతో మరొక ఉపాయం పన్నింది. రామారావు అసలు వయసు తండ్రి పాత్రకు, శ్రీదేవి కొడుకు పాత్రకు దక్కాయి. తెరపై ఆయన వృద్ధాప్యాన్ని గుర్తించగల అర్హత ఆయనకే ఉందన్నమాట! అదే ఏడాది ‘ప్రేమాభిషేకం’లో అక్కినేని సమస్యను విషాదం వైపు మళ్ళించారు. రోగంతో క్షీణించే దేహం కనుక అక్కడ వయసు త్యాగంలో కలిసిపోయింది. ఆయన 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’లో తాతగా కనిపించారు, రామారావు ప్రయాణానికి ఇది ఎదురు దిశ.

ప్రణయ హాస్యం మళ్ళీ ఊపిరి పోసుకొన్నది అగ్రనాయకుల చిత్రాలకు వెలుపలే. దానిని తెచ్చినది ‘వేటగాడు’ మాటల రచయితే కావడం విశేషం. పొత్తూరి విజయలక్ష్మి నవల ఆధారంగా జంధ్యాల దర్శకత్వం వహించిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984)లో కథను నడిపేది ఒక అమ్మాయి రాత. లేని మనిషిని ఊహించుకొని ఆమె సరదాగా ఉత్తరం రాస్తుంది; అది చేరిన యువకుడు, ఆ మాటలు రాసిన మనిషిని వెతుక్కుంటూ బయలుదేరతాడు. నాయకుడు నరేష్ అప్పుడు ఇరవైలలో ఉన్నారు. కాపాడవలసిన విగ్రహం లేదు కనుక అతడు తికమకపడవచ్చు, నవ్వులపాలు కావచ్చు. సత్యభామ లేఖకు ఈ ఉత్తరంతో ఉన్న చుట్టరికాన్ని జంధ్యాల తలచుకొన్నారో లేదో గాని, విజయవాడ నాటకరంగంలో ఎదిగిన రచయిత చేతిలో ఆ లేఖ మళ్ళీ నాయిక చేతికి వచ్చింది.